కిలో నెయ్యి రూ.320కి గిట్టుబాటవుతుందా? పాల లెక్క ఇదీ

గొడ్డు కొవ్వు కిలో ఎంతని వెతికే ముందు పాల లెక్క చూడండి. నగరి వైపు పాలు పోసే రైతునడిగినా చెబుతారు, వెన్న శాతాన్ని బట్టే రేటని. ఆవుపాలలో వెన్న 3.5 శాతమైతే కిలో నెయ్యికి దాదాపు 28 లీటర్లు కావాలి. లీటరు 30 రూపాయలే అనుకున్నా 840. 2024లో లడ్డూ వివాదానికి ముందు టీటీడీకి నెయ్యి వచ్చిన ధర సుమారు 320. మిగతా 520, పైగా తయారీ, రవాణా ఖర్చులు వెన్న తీసిన పాలపొడి అమ్మకంలోనే రాబట్టుకోవాలి. కష్టమే! అయితే తక్కువ ధర ఒక్కటే కల్తీకి రుజువు కాదు. టెండర్ తెరిచిన రోజే అడగాల్సిన ప్రశ్న అది. ఎన్‌డీడీబీ ల్యాబ్ నివేదికలోనూ గొడ్డు కొవ్వు, పామాయిల్, చేప నూనె అన్నీ ‘ఉండొచ్చు’ జాబితాలోవే. ఫలానాదేనని అది తేల్చలేదు. అందుకే 2024 అక్టోబర్ 4న సుప్రీంకోర్టు ఐదుగురితో సిట్ వేసింది.