ప్రయోగశాల ఫలితానికి పొలమే గీటురాయి

జర్మనీలోని గీసెన్ విశ్వవిద్యాలయ రసాయనశాస్త్ర విభాగ చరిత్ర వ్యవసాయ విద్యార్థులకు అవశ్య పఠనీయం. 1824లో 21 ఏళ్ల వయస్సులో యూస్టస్ లీబిగ్ అక్కడ ఆచార్యులుగా చేరారు. సైనికుల పాత కావలి గృహంలో ప్రయోగశాల నెలకొల్పి, విద్యార్థుల చేతనే విశ్లేషణలు చేయించారు. రసాయనశాస్త్ర బోధనకు ఆ పద్ధతి ఒరవడి అయింది.

1840లో వెలువడిన ఆయన గ్రంథం మొక్కల ఖనిజ పోషణ సిద్ధాంతానికి విస్తృత ప్రచారం కల్పించింది. అయితే పైరుకు కావలసిన నత్రజని వాతావరణం నుండే లభిస్తుందని ఆయన భావించారు. అనంతరం ఆయన రూపొందించిన ఎరువు, వర్షానికి కొట్టుకుపోరాదని సులభంగా కరగని రూపంలో తయారైనందున, పైరుకు అందక విఫలమైంది.

నత్రజని విషయంలో ఆయన అభిప్రాయాన్ని సవరించినవారిలో గీసెన్‌లోనే డాక్టరేటు పొందిన జోసెఫ్ హెన్రీ గిల్బర్ట్ ముఖ్యులు. ఇంగ్లండులోని రోథమ్‌స్టెడ్‌లో జాన్ బెన్నెట్ లాస్‌తో కలిసి 1843 నుండి నిర్వహించిన గోధుమ ప్రయోగాలు నత్రజని ఎరువు ఆవశ్యకతను నిరూపించాయి. బ్రాడ్‌బాక్ క్షేత్రంలో ఆ ప్రయోగం నేటికీ కొనసాగుతోంది.

భూసార పరీక్షను బట్టి ఎరువుల మోతాదు సూచించే విస్తరణ శాస్త్రవేత్తలకు ఇది హెచ్చరిక. పరీక్షలో తేలిన అంకెను ఆ నేలలో, ఆ పైరుపై సరిచూసిన పిదపనే సిఫారసు చేయాలి. లేనిచో పెట్టుబడి నష్టపోయేది రైతే. కనుక స్నాతకోత్తర విద్యార్థి తాను మట్టి నమూనా సేకరించిన పొలంలోనే ఒక పంటకాలమైనా ప్రయోగం నిర్వహించడాన్ని పాఠ్యప్రణాళికలో తప్పనిసరి చేయాలి.