లాకు రింగు చక్రాలకు ఇంటి ముంగిట గాలి: ప్రాణాలతో చెలగాటం

వరి కోతలు, చెరకు తోలకాలు మొదలయ్యాయంటే ట్రాక్టరు ట్రక్కులకు, పాత లారీలకు తీరిక ఉండదు. టైరు పంక్చరయితే చక్రాన్ని పట్నం దాకా మోసుకుపోవడం దండుగని కొందరు యజమానులు ఇంటి ముంగిటనే విప్పి, చిన్న కంప్రెసరుతో గాలి పట్టేస్తున్నారు. స్కూటరు, కారు చక్రాల మాట ఎలా ఉన్నా, లాకు రింగు ఉన్న చక్రాల విషయంలో ఇది ప్రాణాంతకం.

ఈ చక్రం ఒకే ముక్క కాదు. డిస్కు ఒకటి, టైరు అంచును ఆపే పక్క రింగు ఒకటి, దాన్ని గాడిలో బిగించే లాకు రింగు మరొకటి. గాడిలో తుప్పు పేరుకున్నా, రింగు వంగినా, వేరొక డిస్కు రింగు తెచ్చి తగిలించినా పట్టు నిలవదు. లారీ టైరులో గాలి చదరపు అంగుళానికి సుమారు 100 పౌన్లు ఉంటుంది. ఆ ఒత్తిడి 100 చదరపు అంగుళాల మేర పడినా రింగును నెట్టే బలం 10,000 పౌన్లు, అంటే నాలుగున్నర టన్నులు. రింగు ఊడి వస్తే ఎదుటివాడికి తప్పుకునే వ్యవధి ఉండదు.

ఇన్నేళ్లుగా ఏమీ కాలేదు కదా అన్నది తరచుగా వినవచ్చే సమాధానం. గొలుసు చుట్టితే చాలుననీ, రింగును నేలవైపు బోర్లిస్తే భయం లేదనీ కొందరి నమ్మకం. రింగు ఊడితే బోర్లించిన చక్రమే పైకి ఎగురుతుంది. గొలుసు ఆగుతుందన్న భరోసా లేదు. ఇనుప బోనుకు ఇవేవీ సాటి రావు.

అమెరికాలో ఈ చక్రాలు బాగుచేసే షాపులకు 1980లోనే ప్రభుత్వం నిబంధనలు విధించింది. చక్రాన్ని బోనులో ఉంచాలి. వాల్వును కరచుకునే క్లిప్పు, పొడవాటి గొట్టం, దూరాన గేజీ ఉండాలి. రింగు ఎగిరే దారిలో మనిషి నిలబడరాదు. రింగు కూర్చోవడానికి బోను బయట పట్టే గాలి అందుకు సరిపడినంతకు మించరాదు.

కనుక ఇంటివద్ద చేయదగిన పని కొద్దిపాటిదే. చక్రం విప్పకముందే వాల్వు పిన్ను తీసి గాలి పూర్తిగా వదలాలి. జంట చక్రాలైతే రెండింటికీ వదలాలి. తుప్పు గీకి, చీలికలు వెతకాలి. చీలిన రింగును వెల్డింగు చేయించక పారవేయాలి. గాలి ఉన్న చక్రం రింగుపై సుత్తి దెబ్బ వేయరాదు. గాలి బాగా తగ్గి నడిచిన టైరుకు బండి మీదనే గాలి పట్టరాదు. పూర్తి గాలి మాత్రం బోను ఉన్న షాపులోనే పట్టించాలి.

అయితే యజమానులను మాత్రమే తప్పు పట్టి లాభం లేదు. రహదారుల పక్కన బోను లేని పంక్చరు షాపులు తక్కువేమీ కాదు. అక్కడ రింగుకు ఎదురుగా కూర్చునేది పనివాడు. కొత్త లారీలకు ఒకే ముక్క చక్రాలు, ట్యూబు లేని టైర్లు వస్తున్నా, పాత బండ్లు రోడ్డెక్కుతున్నంతకాలం ఈ ముప్పు తొలగదు. మండల కేంద్రానికి ఒక్క బోనయినా ఏర్పాటయ్యేలా లారీ యజమానుల సంఘాలు, మార్కెట్ కమిటీలు పూనుకోవాలి. ఫిట్‌నెస్ పరీక్షలో రింగుల స్థితిని కూడా రవాణా శాఖ అధికారులు నిశితంగా చూడాలి. బోను ఖర్చుకు వెనకాడేవారు, ఒక కుటుంబం దిక్కులేనిదైతే పడే మూల్యాన్ని లెక్క వేసుకోవడం మంచిది.