పెరటి ముచ్చట్లు: మీ జలపాతానికి ఎంత పంపు కావాలి?



ఎండలు మొదలయ్యాయంటే చాలు, మన గ్రూపుల్లో ఈ ప్రశ్న తప్పకుండా వస్తుంది: "అక్కా, బ్యాక్‌యార్డులో చిన్న జలపాతం పెట్టుకుందామనుకుంటున్నాం, ఎంత పంపు కొనాలి?" జవాబుగా రాళ్ల ఫొటోలు పది వస్తాయి కానీ పంపు సంగతి ఎవరూ చెప్పరు. చాలామంది డబ్బా మీద పెద్ద అంకె చూసి కొనేస్తారు. తీరా రాళ్లన్నీ పేర్చాక నీళ్లు గోడకి చెమట పట్టినట్టు కారతాయి. అందుకే ఈసారి లెక్కే చెప్పుకుందాం. కాగితం, పెన్ను తెచ్చుకోండి.

మన ఊళ్లో మోటారు అంటే ఎన్ని హెచ్‌పీ అని అడుగుతాం. ఇక్కడ అమెరికాలో తోట పంపులకి గంటకి ఎన్ని గ్యాలన్లు అన్నదే లెక్క. దాన్నే జీపీహెచ్ అంటారు.

మొదటి లెక్క, వెడల్పు. నీళ్లు పొర్లే అంచు ఎన్ని అంగుళాలో కొలవండి. అంగుళానికి గంటకి 100 గ్యాలన్లు ఉంటే పల్చటి తెరలా పడతాయి. జోరుగా, చప్పుడుతో పడాలంటే 150 నుంచి 200 దాకా కావాలి. 18 అంగుళాల అంచుకి తక్కువలో తక్కువ 1,800 అన్నమాట.

ఆ 100 ఎలా ఉంటుందో కొనకముందే చూసుకోవచ్చు. 5 గ్యాలన్ల బకెట్ కింద పెట్టి తోట పైపు తిప్పండి. 30 సెకన్లలో నిండితే మీ పైపు గంటకి 600 గ్యాలన్లు ఇస్తున్నట్టు. ఆ నీళ్లని ఒక టబ్బులోకి వదిలి, 6 అంగుళాల అంచు మీంచి పొర్లనివ్వండి. అదే అంగుళానికి 100. చూడ్డానికి, వినడానికి అది మీకు చాలో లేదో మీకే తెలిసిపోతుంది.

రెండో లెక్క, ఎత్తు. అందరూ తప్పేది ఇక్కడే. డబ్బా మీద పెద్ద అక్షరాలతో ఉండే అంకె నీళ్లు అసలు పైకి ఎక్కనప్పటిది. ఎత్తు పెరిగేకొద్దీ పంపు ఇచ్చే నీళ్లు తగ్గిపోతాయి. కింద నీటిమట్టం నుంచి పై అంచు దాకా నిలువు ఎత్తు కొలవండి, 3 అడుగులు అనుకుందాం. పైపు లోపలి రాపిడికి ప్రతి 10 అడుగుల పైపుకీ ఒక అడుగు కలపండి. 20 అడుగుల పైపైతే 2 అడుగులు. వంపులకి ఇంకో అడుగు. మొత్తం 6. ఇప్పుడు పంపు చార్టులో 6 అడుగుల ఎత్తు దగ్గర ఎంత ఇస్తుందో చూడండి. అక్కడ 1,800 పైన ఉంటేనే మనకి పనికొచ్చే పంపు. కాస్త ఎక్కువిచ్చేది తీసుకుని, పైకి వెళ్లే పైపుకి ఒక వాల్వు పెట్టుకుంటే చప్పుడు ఎక్కువైనప్పుడు తగ్గించుకోవచ్చు. పక్కింటివాళ్లూ హాయిగా నిద్రపోతారు.

పైపు దగ్గర పొదుపు చెయ్యకండి. ఈ కొలతకి ఒకటిన్నర అంగుళాల పైపు వెయ్యండి. సన్న పైపు వేస్తే ఎంత మంచి పంపైనా గొంతు నొక్కినట్టే.

మూడో లెక్క, కింది తొట్టి. పసిపిల్లలున్న ఇంట్లో చెరువు వద్దనే నా మాట. రెండు అంగుళాల నీళ్లు కూడా వాళ్ల ప్రాణానికి ప్రమాదమే. నీళ్లు రాళ్ల కిందికి ఇంకిపోయి, భూమిలోని తొట్టిలో చేరి, మళ్లీ పైకెళ్లే పద్ధతి ఉంది. కానీ తొట్టి నిండా గులకరాళ్లు పోస్తే నీళ్లకి మిగిలేది సుమారు 40 శాతం చోటే. 4 అడుగుల పొడవు, 4 అడుగుల వెడల్పు, 2 అడుగుల లోతు తొట్టిలో 240 గ్యాలన్లు పట్టాలి. రాళ్లు పోశాక 96 పడతాయి, అంతే. పంపు నడిచేటప్పుడు కొన్ని నీళ్లు పైనే ఉంటాయి, డాలస్ ఎండకి కొన్ని ఆవిరైపోతాయి. పంపు ఎప్పుడూ నీళ్లలో మునిగే ఉండాలి. ఎండిన తొట్టిలో తిరిగితే కాలిపోతుంది.

కరెంటు బిల్లు. 100 వాట్ల పంపు నెలంతా ఆగకుండా నడిస్తే 72 యూనిట్లు. 250 వాట్లదైతే 180. యూనిట్ 15 సెంట్లైతే మొదటిదానికి నెలకి 11 డాలర్ల లోపు, రెండోదానికి 27. కాబట్టి ధరతో పాటు వాట్లు కూడా పోల్చి చూడండి. చేపలు లేకపోతే టైమర్ పెట్టి సాయంత్రాలు మాత్రమే నడపొచ్చు. అయితే నీళ్లు ఎక్కడా నిలవకుండా చూసుకోండి, దోమలు గుడ్లు పెట్టేది నిలవ నీళ్లలోనే.

ఇక "ఈశాన్యంలోనే పెట్టాలి" అని ఇండియా నుంచి ఫోనొస్తుంది. పెట్టండి, పెద్దవాళ్ల మాట కాదనడమెందుకు! కానీ ఆ మూల పల్లంగా ఉంటే వాననీళ్లతో పాటు లాన్‌కి వేసిన ఎరువు, చెత్త అంతా తొట్టిలోకే వస్తాయి. అప్పుడు తొట్టి అంచుని చుట్టూ ఉన్న నేలకన్నా కాస్త ఎత్తుగా కట్టించుకోండి. ఇంటి పునాదికి మాత్రం దూరంగా ఉండాలి.

ఈ మూడూ ఎవరు చెప్పినా మానొద్దు. తవ్వే ముందు 811కి ఫోన్ చేస్తే గ్యాసు, కరెంటు లైన్లు ఎక్కడున్నాయో ఉచితంగా గుర్తులు పెట్టి వెళ్తారు. రెండు, మూడు పనిదినాల ముందే చెయ్యండి. పంపుకి జీఎఫ్‌సీఐ ఉన్న అవుట్‌డోర్ ప్లగ్గే వాడండి, లేకపోతే లైసెన్సున్న ఎలక్ట్రీషియన్‌తో పెట్టించండి. ఎక్స్‌టెన్షన్ తీగతో లాక్కొస్తానని మీవారు అంటే ఒప్పుకోవద్దు. నీళ్లలో చెయ్యి పెట్టేముందు ప్లగ్గు పీకండి.

చివరిగా, రాళ్లకి సిమెంటు పెట్టకముందే ఒక పూట పంపు నడిపి చూడండి. నీళ్లు పక్కలకి చిమ్ముతుంటే రాయి జరుపుకోవచ్చు, చాలకపోతే పంపు వాపసు ఇవ్వొచ్చు. మీ వెడల్పు, ఎత్తు, పైపు పొడవు గ్రూపులో పెట్టండి, కలిసి లెక్క వేద్దాం.

వచ్చే నెల: చలికి ముందు కరివేపాకు కుండీని లోపలికి తెచ్చుకోవడం.