గడియారం వెనుక బాణం గుర్తు

కోరుట్ల నుండి ఒక సోదరుడు రాసిన ఉత్తరం నా ముందున్నది. పాత సైనిక చేతిగడియారాలను, అందులోనూ క్రోనోగ్రాఫులను, విదేశీయులు మంచి వెలకు కొంటున్నారట. అతడు గల్ఫ్ నుండి వచ్చిన పాత వాచీలను కొని, డయలుకు కొత్త రంగు వేయించి, వెనుక మూతపై బాణం గుర్తు చెక్కించి రెండింటిని అమ్మాడు. "నేను అబద్ధం చెప్పలేదు, వారు అడగనూ లేదు. ఈ సంపాదన హలాలేనా?" అన్నది ప్రశ్న.

ముందుగా ఆ బాణం సంగతి. అది బ్రిటిష్ ప్రభుత్వ ఆస్తికి గుర్తు. సైనికునికి గడియారం ఇచ్చేది వాడుకకే, సొంతానికి కాదు. సేవ నుండి తొలగించిన వస్తువుపై ఒకదానికొకటి ఎదురెదురుగా రెండు బాణాలు వేసే ఆచారమూ ఉండేది. 1970-80ల నాటి బ్రిటిష్ క్రోనోగ్రాఫుల్లో హామిల్టన్, సి.డబ్ల్యు.సి., న్యూమార్క్, ప్రెసిస్టా పేర్లు ప్రసిద్ధం. లోపల చేతితో కీ ఇచ్చే వాల్జూ 7733 యంత్రం; వైమానిక దళానిదైతే వెనుక 6బిబి, నౌకాదళానిదైతే 0552 అనే అంకెలు. 1984 నుండి వైమానిక సిబ్బందికి సీకో క్రోనోగ్రాఫులు ఇచ్చారు. జగిత్యాల, సిరిసిల్ల ఇళ్ళకు మన పెద్దలు దుబాయి నుండి తెచ్చిన వాచీల్లోనూ సీకో పేరే ఉంటుంది. మోసానికి దారి తెరుచుకున్నది ఇక్కడే.

డయలుపై వృత్తంలో 'టి' అక్షరం ఉంటే అది ట్రిటియం. దాని శక్తి సుమారు 12 ఏళ్ళకు సగమవుతుంది. కనుక యాభై ఏళ్ళ గడియారం చీకట్లో ధగధగా వెలిగితే, ఆ రంగు తర్వాత వేసినదేనని అనుభవజ్ఞులు గ్రహిస్తారు. (అంతకు పూర్వపు రేడియం డయళ్ళ విషయం వేరు. వెలుగు పోయినా రేడియం వందల ఏళ్ళు ఉంటుంది. అటువంటి వాచీని ఇంట్లో విప్పకండి, పిల్లలకు ఆటవస్తువుగా ఇవ్వకండి.)

ఇక ప్రశ్నకు వస్తాను. దైవప్రవక్త (స) ఒకసారి బజారులో ధాన్యపు రాశిలోనికి చేయి పెట్టగా లోపల తడి తగిలింది. వానకు తడిసిందని వర్తకుడు చెప్పగా, ఆ తడిసినదానిని జనులకు కనబడేలా పైన ఎందుకు ఉంచలేదని ఆయన నిలదీశారు. ఆ వర్తకుడు కూడా నోటితో అబద్ధమాడలేదు! తడిని అడుగున దాచాడు, అంతే. డయలుకు రంగు వేయించటం స్వతహాగా నిషిద్ధం కాదు. ఆ మాట ముందే రాసి, దానికి తగిన ధర తీసుకుంటే అభ్యంతరమేమీ లేదు. బాణం చెక్కటం మాత్రం వేరు. అది లేని చరిత్రకు అబద్ధపు సాక్ష్యం. ఏ ధరకూ ధర్మసమ్మతం కాదు.

తండ్రి వదిలి వెళ్ళిన వాచీని అమ్మేవారికి మరొక మాట. అది వారసులందరి ఆస్తి, అక్కచెల్లెళ్ళ వాటాతో సహా. మన ఇళ్ళలో "చిన్న వస్తువే కదా" అంటూ దీనిని తరచు మరుస్తారు.

కోరుట్ల సోదరుడా! అమ్మిన ఆ రెండు వాచీల కొనుగోలుదారుల చిరునామాలు నీ ఫోనులోనే ఉంటాయి. ఈ వారమే వారికి నిజం రాయి. తిరిగి ఇస్తామంటే తీసుకొని డబ్బు పంపించు. ఆ డబ్బు ఖర్చయిపోయి ఉంటే, అది నీపై ఉన్న అప్పు.