చెరువుగట్టున మండూకము

హిందూపురమునుండి బయలుదేరి లేపాక్షిని, పెనుకొండను దర్శించి ధర్మవరము చేరు యాత్రికుఁడు ఏకశిలానందిని, విజయనగర ప్రభువుల కోటగోడలను, పట్టుచీరల మగ్గములను కన్నులారఁ గాంచునుగాని, ఈ కఱవుసీమకు వానకబురు దెచ్చు కప్పను గుర్తింపకయే సాగిపోవుట నాకు మిక్కిలి ఖేదకరముగ నున్నది. ఋగ్వేదము సప్తమ మండలమందలి 103వ సూక్తము మండూకస్తుతియే. శృంగేరిలో తుంగాతీరమున, ప్రసవవేదన నొందు కప్పకుఁ బడగనీడ పట్టిన సర్పమును శిల్పులు శిలయందు నిలిపిరి. వానలు మొగము చాటుచేసిననాఁడు రోకలికిఁ గప్పను గట్టి, వేపమండలు చుట్టి యింటింటికిఁ దిరుగఁగా, ఇల్లాండ్రు బిందెలతో నీరు గుమ్మరించు కప్పతల్లి వేడుకయు ఆ గౌరవపరంపరలోనిదే. 1987లో భారత ప్రభుత్వము కప్పకాళ్ల యెగుమతిని నిషేధించినది. అయినను చెరువులు పూడిపోయి, పొలములు పురుగుమందులతో నిండినచో ఆ శాసనమొక్కటియే ఈ ప్రాణిని కాపాడఁజాలదు. కావున ఈ పట్టణముల కూడళ్లలోను, చెరువుకట్టలమీఁదను మండూకశిల్పములు నెలకొల్పవలయుననియు, అంతకుమున్నే ఆ చెరువులకు నీరు దెచ్చు కాలువలను బాగుచేయవలయుననియు నా దృఢాభిప్రాయము. ఏలయన, కప్పలు బ్రదుకఁగలిగిన చెరువే రైతును, పశువును, బాటసారిని బ్రదికింపఁగల చెరువు.