'పర్వాలేదు' వెనక ఏముంది?

జగిత్యాల పక్కన పొలాసలో వ్యవసాయ కళాశాల, నాచుపల్లిలో జేఎన్‌టీయూ ఇంజినీరింగ్ కళాశాల, కోరుట్లలో పశువైద్య కళాశాల, సిరిసిల్లలో మరో వ్యవసాయ కళాశాల. వీటిలో చదివే పల్లె పిల్లల్లో చాలామందికి ఖరీదైన పుస్తకాలు కొనే స్తోమత ఉండదు. వాళ్లకు కాలేజీ లైబ్రరీయే దిక్కు. అది వాళ్లకు ఎంత అక్కరకొస్తున్నదో సరిగా కొలవడం మన బాధ్యత.

సాధారణంగా జరిగే సర్వేలో ఒకటే ప్రశ్న: సేవలు ఎలా ఉన్నాయి? ఎక్కువమంది 'పర్వాలేదు' దగ్గర టిక్కు పెడతారు. సగటు తీస్తారు, ఫైల్లో పెడతారు. ఆ మాట తృప్తితో అన్నదా, విసుగుతో అన్నదా అన్నది మాత్రం తేలదు.

ఈ లోపాన్ని సరిదిద్దేందుకే అమెరికాలోని పరిశోధన గ్రంథాలయాల సంఘం, టెక్సస్ ఏ అండ్ ఎం విశ్వవిద్యాలయం కలిసి 2000లో లిబ్‌క్వాల్ సర్వే తెచ్చాయి. అందులో 22 అంశాలు. సిబ్బంది ఆదరణ, కావలసిన సమాచారం చేతికందడం, చదువుకునే చోటు అన్నవి మూడు విభాగాలు. ఒక్కో అంశానికి 1 నుంచి 9 వరకు మూడు అంకెలు వేయాలి: కనీసం ఎంత ఉండాలి, ఎంత ఉంటే బాగుంటుంది, ఇప్పుడెంత ఉంది.

ఇద్దరు విద్యార్థులు ప్రస్తుత సేవకు 5 వేశారనుకుందాం. ఒకరి కనీస అవసరం 3, మరొకరిది 7. మొదటివారికి అవసరానికి మించే అందుతోంది. రెండోవారికి రెండు మెట్లు తక్కువ. మామూలు సర్వేలో ఇద్దరూ 'పర్వాలేదు' కిందే కలిసిపోతారు.

అయితే ఈ నమూనాను ఉన్నదున్నట్టు దించుకుంటే చాలదు. వ్యవసాయ విద్యార్థులు చివరి ఏడాది రావెప్ (గ్రామీణ వ్యవసాయ పని అనుభవ కార్యక్రమం) కింద పల్లెల్లో రైతుల మధ్య ఉంటారు. అప్పుడు వాళ్ల లైబ్రరీ చేతిలోని ఫోనే. వ్యవసాయ పరిశోధన పత్రికల కోసం భారత వ్యవసాయ పరిశోధన మండలి (ఐసీఏఆర్) నడిపే ఆన్‌లైన్ వేదిక సెరా, పరిశోధన గ్రంథాలుండే కృషికోశ్ అక్కడ తెరుచుకుంటున్నాయా అని అడగాలి. పశువైద్య విద్యార్థినైతే, క్లినిక్ పని ముగించుకుని వచ్చేసరికి లైబ్రరీ తలుపులు తెరిచే ఉంటున్నాయా అని అడగాలి.

కౌంటర్ దగ్గర ఫారాలు పంచితే వచ్చేవాళ్ల మాటే వినబడుతుంది. రావడం మానేసినవాళ్ల కోసం హాస్టల్ గదులకు, తరగతులకు వెళ్లాలి. అసలు సంగతి వాళ్ల దగ్గరే ఉంటుంది.

పాఠకుడి సమయం వృథా కాకూడదన్నది గ్రంథాలయ శాస్త్రవేత్త ఎస్.ఆర్. రంగనాథన్ 1931లో ప్రచురించిన ఐదు గ్రంథాలయ సూత్రాల్లో ఒకటి. సర్వే నింపే విద్యార్థి సమయానికీ అదే వర్తిస్తుంది. ఏం అడిగారు, ఏం చేశాం, ఏది ఎందుకు చేయలేకపోయాం అన్నది నెలలోపు నోటీసు బోర్డు మీద పెట్టాలి. తన మాటకు జవాబు కనబడితేనే విద్యార్థి వచ్చే ఏడాది 'పర్వాలేదు' దాటి మనసులో ఉన్నది రాస్తాడు.