పెట్టె వచ్చిన ఇంటికి అధికారే వెళ్లాలి

గల్ఫ్ నుంచి శవపెట్టె వచ్చిన ఇంట్లో పదకొండో దినం కాకముందే కాగితాల వేట మొదలవుతుంది. మల్లాపూర్, కోరుట్ల, సిరిసిల్ల వైపు ఇది కొత్త సంగతి కాదు. దుబాయి బాట ఎప్పుడో పడింది. 2015 చివర్లో ముత్యంపేట చక్కెర ఫ్యాక్టరీ మూతపడ్డాక ఊళ్లో బతికే దారి ఇంకొకటి తగ్గింది.

2023 డిసెంబర్ 7 నుంచి గల్ఫ్‌లో చనిపోయిన కార్మికుల కుటుంబాలకు రాష్ట్ర ప్రభుత్వం 5 లక్షల రూపాయల పరిహారం ప్రకటించింది. మంచి నిర్ణయమే. కానీ ఆ డబ్బు చేతికి రావాలంటే అక్కడి మరణ ధ్రువపత్రం, రద్దయిన పాస్‌పోర్టు, తహసీల్దారు ఇచ్చే కుటుంబ సభ్యుల పత్రం, బ్యాంకు ఖాతా అన్నింటికీ పొంతన కుదరాలి. పాస్‌పోర్టులో ఇంటిపేరు నిండుగా ఉంటుంది, ఆధార్‌లో ఒక్క అక్షరమే ఉంటుంది. అంతే, అఫిడవిట్ తెమ్మంటారు. బీడీలు చుట్టి ఇల్లు నడిపే మనిషికి జగిత్యాల కలెక్టరేట్‌కు పోయిన రోజు కూలి లేదు, తడిపి పెట్టిన తునికాకు కూడా ఎండిపోతుంది.

కేంద్రం తెచ్చిన 10 లక్షల ప్రవాసీ భారతీయ బీమా ప్రమాద మరణాలకే, అదీ ఎమిగ్రేషన్ క్లియరెన్స్‌తో వెళ్లినవారికే. విజిట్ వీసా చేతిలో పెట్టి విమానం ఎక్కించిన ఏజెంటు ఆ మాట చెప్పడు. కంపెనీ నుంచి రావాల్సిన బకాయి జీతం కోసం ఎంబసీతో ఉత్తరాలు నడపడం మరో తిప్పలు.

ఇదంతా తప్పనిదేం కాదు. 2018లో మొదలైన రైతుబీమాను చూడండి. బీమాలో నమోదైన పట్టా రైతు పోతే వ్యవసాయ విస్తరణాధికారే ఇంటికి వచ్చి కాగితాలు తీసుకుంటారు, నామినీ ఖాతాలో 5 లక్షలు పడతాయి. అదే మండలంలో, అదే ప్రభుత్వం కింద, గల్ఫ్ కార్మికుడి భార్య మాత్రం ఆఫీసుల చుట్టూ ఎందుకు తిరగాలి? శంషాబాద్ నుంచి ఊరికి ఉచిత అంబులెన్స్ పంపే సర్కారుకు ఏ ఇంట్లో ఎవరు పోయారో ఆ రోజే తెలుసు కదా.

మండలానికి ఒక అధికారిని పెట్టి, దినాలు అయ్యేలోగా ఇంటికి పంపి, పేరు తేడాలను తహసీల్దారు స్థాయిలోనే సరిచేయించాలి. దీనికి జగిత్యాల, సిరిసిల్ల కలెక్టర్ల ఆదేశం చాలు. డిసెంబర్ 7 గీత సంగతి మాత్రం హైదరాబాదే తేల్చాలి. అది ఈ ప్రభుత్వం ప్రమాణం చేసిన రోజు. అంతకు ముందు వారం పెట్టె దిగిన ఇంటికి ఏం జవాబు చెబుతారు?